పాస్‌వర్డ్ కొట్టగానే తెర సైజు మారిపోతోందా? కేబుల్ చూడండి

ప్రశ్న: సార్, కర్నూలులో రాజ్‌విహార్ దగ్గర డీటీపీ షాపు నడుపుతున్నాను. పొద్దున సిస్టమ్ ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడిగే తెర మసకగా, లావు లావు అక్షరాలతో వస్తోంది. లాగిన్ అయ్యాక ఒక్కోరోజు సర్దుకుంటుంది, ఒక్కోరోజు అట్లనే ఉండిపోతుంది. ఐకాన్లన్నీ చెదిరిపోతాయి. పెళ్లిళ్ల సీజన్‌లో ఇదో టెన్షన్. గ్రాఫిక్స్ కార్డు పోయిందంటున్నారు. మార్చాలా?

జవాబు: కార్డు సంగతి తర్వాత. ముందు మానిటర్ వెనక్కి వెళ్లే కేబుల్ విప్పి చూడండి. మీది నీలిరంగు కొన ఉన్న పాత వీజీఏ కేబులే అయితే నా అనుమానం సగం దాని మీదే.

ప్రతి మానిటర్‌లోనూ చిన్న చిప్ ఉంటుంది. తన కంపెనీ, మోడల్, ఏయే రిజల్యూషన్లు (తెర మీద అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలన్న లెక్క) చూపగలదో అందులో రాసి ఉంటాయి. దీన్ని ఈడీఐడీ అంటారు. కంప్యూటర్ ఆ వివరాలను కేబుల్ గుండానే చదువుకుంటుంది. వీజీఏలో ఈ మాటామంతీ నడిచేది 12, 15 నంబరు పిన్నుల మీద. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు వేరే పిన్నులు. 12, 15 పిన్నుల్లో ఒకటి వంగినా బొమ్మ శుభ్రంగా వస్తుంది కాబట్టి కేబుల్‌ను ఎవరూ అనుమానించరు. విండోస్‌కు మాత్రం ఎదురుగా ఉన్న మానిటర్ ఏదో తెలియదు. మీరు పెట్టుకున్న 1920×1080ను అది ఆ మానిటర్ పేరు మీదే గుర్తుపెట్టుకుంటుంది మరి. పేరు అందకపోతే కొత్త మానిటర్ అనుకుని 1024×768 లాంటి క్షేమమైన సైజుకు దిగిపోతుంది. పిన్ను వదులుగా ఉంటే ఒకరోజు అందుతుంది, ఒకరోజు అందదు. మీ ‘ఒక్కోరోజు’ మర్మం అదే కావచ్చు. (9వ పిన్ను లేకపోతే కంగారుపడొద్దు, చాలా కేబుళ్లలో అది ఉండదు.)

నేనూ ఇట్లా మోసపోయినవాణ్నే. అనంతపురంలో మా ఇంటి సిస్టమ్‌కు ఒకాయన విండోస్ రెండుసార్లు ఎక్కించాడు. ఆఖరుకు చూస్తే, బల్లను గోడకు ఆనించి తోసినప్పుడు నేనే పిన్ను వంచాను!

కేబుల్ మార్చినా తీరకపోతే, మధ్యలో స్ప్లిటర్ (ఒకే బొమ్మను రెండు తెరలకు పంచే డబ్బా) గానీ, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ గానీ ఉంటే తీసేసి నేరుగా కలపండి. కొన్నాళ్లు మానిటర్‌ను ముందు ఆన్ చేసి, ఆ తర్వాతే సీపీయూ బటన్ నొక్కండి. అప్పటికీ అంతేనా? డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవండి. అక్కడ మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనిపిస్తే కార్డు డ్రైవర్, అంటే విండోస్ చేత కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్, పనిచేయడం లేదన్నమాట. కార్డు తయారీ కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ వేసుకోండి. కార్డు కొనే మాట ఇవన్నీ అయ్యాకే.

ఒక తేడా గమనించండి. అక్షరాలు పెద్దవైనా అంచులు పదునుగా ఉంటే అది రిజల్యూషన్ గొడవ కాదు, స్కేలింగ్, అంటే అక్షరాలను, ఐకాన్లను పెద్దవి చేసి చూపే సెట్టింగ్. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 125 శాతం ఉంటే 100 చేసి చూడండి. మీ చిక్కు మసకగా కనిపించడం కాబట్టి ఇది వర్తించకపోవచ్చు.

ప్రశ్న: కడపలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. విండోస్ కాదు, లినక్స్ రకమైన ఉబుంటు 22.04 వాడుతున్నాను. లాగిన్ తెర తప్పు రిజల్యూషన్‌లో వస్తుంది, లోపలికి వెళ్లాక బాగుంటుంది. ఎందుకు?

జవాబు: లాగిన్ తెరను నడిపేది జీడీఎం అనే ప్రోగ్రాం. అది మీ పేరు మీద కాక, జీడీఎం అనే వేరే యూజర్‌గా నడుస్తుంది. మీరు మార్చిన సెట్టింగ్ మీ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంటుంది, దానికి తెలియదు. డాట్ కాన్ఫిగ్ అనే దాగి ఉన్న ఫోల్డర్‌లో మానిటర్స్ డాట్ ఎక్స్‌ఎంఎల్ ఫైలు వెతకండి. దాన్ని సుడో (అడ్మిన్) అధికారంతో వార్, లిబ్, జీడీఎం3 ఫోల్డర్ల వరసలో వెళ్లి అక్కడి డాట్ కాన్ఫిగ్‌లోకి కాపీ చేసి, జీడీఎం యూజర్ చదవగలిగేలా అనుమతి ఇచ్చి రీస్టార్ట్ చేయండి. రేపు మానిటర్ మార్చారంటే ఆ కాపీ కూడా మళ్లీ చేయాల్సిందే.