కిటికీ చూడ్డానికి ఒక ఊరు

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండ్‌లోని బాత్‌లో చదువుతోంది. ఈ వేసవిలో మేమిద్దరం వెళ్తున్నాం. దగ్గర్లో లేకాక్ అనే పల్లె ఉందని, ఊరంతా ఒకే సంస్థదని చెబుతోంది. అక్కడ మనుషులుంటారా, అంతా మ్యూజియమేనా?
– ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఉంటారండీ, అద్దెకు! ఊళ్లో దాదాపు ఇళ్లన్నీ పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థవే. మన దగ్గర జమీందారీలు 1948 చట్టంతో పోయాయి కదా, అక్కడ మాత్రం ఎస్టేటు వారసురాలు మటిల్డా టాల్బట్ 1944లో భవంతినీ ఊరినీ తనంతట తానే ట్రస్టుకు రాసిచ్చేశారు. అందుకే ఆ పాత రాతి ఇళ్లు, కర్ర దూలాల ఇళ్లు అలాగే నిలిచాయి. చల్లపల్లి కోట చూసిన ప్రతిసారీ నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

భవంతి అసలు 1232లో సాలిస్‌బరీ దొరసాని (కౌంటెస్) ‘ఎలా’ అనే ఆవిడ స్థాపించిన సన్యాసినుల మఠం. రాజు ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయించాక అమ్మేశారు, అది ఇల్లయింది. మీరు తప్పక చూడాల్సింది దక్షిణం వైపు గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన ఓ కిటికీ. 1835 ఆగస్టులో ఆ ఇంటి యజమాని, ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ చిన్న చెక్కపెట్టె కెమెరాతో దాన్ని కాగితం మీదికి ఎక్కించాడు, ఇప్పటికీ మిగిలి ఉన్న కెమెరా నెగెటివ్‌లలో అదే పాతది, పోస్టల్ స్టాంపంత ఉంటుంది, అందులోని గాజుపలకలు సుమారు 200 భూతద్దంతో లెక్కపెట్టొచ్చని ఆయనే రాసుకున్నాడు. మీ పెళ్లి ఆల్బమ్‌కి మూలం అక్కడుందన్నమాట!

బాత్ నుంచి రైల్లో చిప్పెన్‌హామ్, అక్కడి నుంచి ఐదు కిలోమీటర్లే. ఫాక్స్ టాల్బట్ పేరిట ఉన్న ఫొటోగ్రఫీ మ్యూజియం భవంతి ప్రవేశ ద్వారం దగ్గరే ఉంది, దానికో గంట కేటాయించండి.