ఆఖరి బస్సు ఎన్ని గంటలకు? కాలేజీ కార్యక్రమాలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది గుత్తి దగ్గర చిన్న డిగ్రీ కాలేజీ. అందరం కలిపితే నాలుగొందల మంది. పోయిన ఏడు వార్షికోత్సవం మధ్యాహ్నం 3కి మొదలుపెట్టినాము. బహుమతులిచ్చే వేళకు కుర్చీలే మిగిలినాయి. ఈసారి అట్ల కాకూడదంటే ఏం చేయాల?
– విద్యార్థి సంఘం సభ్యుడు

జవాబు: మీవాళ్లు విసుగు పుట్టి లేచిపోలేదు, బస్సు తప్పిపోతుందని పోయారు. పల్లెల నుంచి పాసుల మీద వచ్చే పిల్లలున్న ఏ కాలేజీలోనైనా కార్యక్రమం ముగిసే టైము నిర్ణయించేది ప్రిన్సిపాల్ కాదు, పల్లెవెలుగు బస్సు. అందుకే ఆహ్వానపత్రం అచ్చుకిచ్చే ముందే క్లాసుకొక కాగితం పంపండి. ఊరు, ఇంటికెళ్లే బస్సు, అది కాలేజీ స్టాపు దాటే టైము, ఈ మూడూ రాయించండి. ఎక్కువ మంది ఎక్కేది 5.15 బస్సయితే, స్టాపుకు నడిచి చేరడానికి అరగంట తీసేసి 4.45కల్లా వందన సమర్పణ అయిపోవాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ రండి.

ఈ లెక్కలో అందరూ తప్పేది బహుమతుల దగ్గరే. 60 బహుమతులున్నాయనుకోండి. పేరు పిలిచాక పిల్లవాడు వెనక వరసలోంచి లేచొచ్చి, మెట్లెక్కి, ఫొటో దిగి వెళ్లేసరికి ఒక్కొక్కరికి నిమిషంన్నర పడుతుంది. అంటే గంటన్నర అక్కడే పోతుంది. అదే తర్వాతి ఐదుగురిని ముందే ఎడమ పక్క మెట్ల దగ్గర నిలబెట్టి, కుడి పక్కన దించి, ఫొటో మాత్రం విభాగానికి ఒక్కటే గుంపుగా తీస్తే ఒక్కొక్కరికి అర నిమిషం చాలు, అరగంటలో అన్నీ అయిపోతాయి. సర్టిఫికెట్లు పిలిచే వరసలోనే పేర్చి ఉండాలి. స్టేజీ మీద కట్ట విప్పి వెతకడం మొదలుపెట్టారంటే మీ లెక్క అక్కడే తప్పుతుంది.

బహుమతులన్నీ చివరికి నెట్టకండి. చదువు బహుమతులు ముఖ్య అతిథి మాట్లాడిన వెంటనే ఇచ్చేయండి, ఆటలవి రెండు డాన్సుల తర్వాత. ఆ రోజు జరిగిన పోటీలవి మాత్రమే చివరికి మిగలాలి. డాన్సులకు కూడా ఇదే లెక్క. 12 పాటలు, పాటకు 4 నిమిషాలంటే 48 అని రాసుకుంటారు. పాటకూ పాటకూ మధ్య పోయే రెండేసి నిమిషాలు ఎవరూ కలపరు. అవి కలిపితే గంటా పది నిమిషాలవుతుంది. పాటలన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో 01, 02 అని నంబర్లు వేసి పెట్టండి. ఎవరి ఫోన్లో పాట వాళ్లు పెడితే మధ్యలో వాళ్ల నాయన ఫోన్ చేస్తాడు, ఆ రింగు సభంతా వింటుంది.

ఇంకో మాట. ఫిబ్రవరి చివర్లోగానీ మార్చిలోగానీ పెట్టుకుంటే మధ్యాహ్నం వద్దే వద్దు. మన అనంతపురం ఎండకు రేకుల షెడ్డు కింద ఏ అతిథి ఉపన్యాసమూ నిలవదు. ఉదయం 9.45కి మొదలుపెట్టి 1 గంటకు భోజనాలతో ముగిస్తే బస్సు బాధా తప్పుతుంది, ఎండ బాధా తప్పుతుంది.

ప్రశ్న: మా కాలేజీ వార్తలతో మూడు నెలలకోసారి నాలుగు పేజీల పత్రిక తెస్తున్నాం. ఫోన్లో టైప్ చేసి ప్రెస్సుకు పంపితే ప్రూఫులో అక్షరాలు గజిబిజిగా వచ్చాయి. ఫొటోలూ మసకగా పడ్డాయి. తప్పు మాదా, ప్రెస్సుదా?
– బి.ఏ. మూడో ఏడు విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: ఎవరిదీ కాదు. మీ ఫోన్ యూనికోడ్‌లో, అంటే ప్రతి భాష అక్షరాలకూ వేరే నంబర్లుండే పద్ధతిలో రాస్తుంది. మన ఊళ్లలో చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, అను ఫాంట్లే నడుస్తున్నాయి. అను యూనికోడ్ కాదు. ఇంగ్లిషు అక్షరాల గళ్లలో తెలుగు గుర్తులను కూర్చోబెట్టిన పద్ధతి అది. పేజ్‌మేకర్‌కేమో యూనికోడ్ తెలుగు తెలియదు. అందుకే మ్యాటర్ పంపేముందు ఆపరేటర్‌ను ఒక్క మాట అడగండి: "అన్నా, పేజ్‌మేకరా, ఇన్‌డిజైనా?" ఇన్‌డిజైన్ అయితే యూనికోడ్ అలాగే తీసుకుంటుంది. కాకపోతే అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి, లేదంటే వత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కకు పోతాయి. పేజ్‌మేకర్ అయితే కన్వర్టర్‌తో అనులోకి మార్చి ఇవ్వాల్సిందే.

మార్చాక ప్రూఫు మళ్లీ మొదటి నుంచి చదవాలి. ఫోన్లో ఒకసారి దిద్దాం కదా అని వదిలేస్తేనే పరువు పోతుంది. క్ష, జ్ఞ, ర్ర ఉన్న మాటలు, "కాలేజ్‌లో", "బస్‌పాస్" లాంటి పొల్లు మాటలు ముందు చూడండి. మ్యాటర్ మధ్యలో ఇంగ్లిషు అక్షరాలుంటే అను ఫాంటులో అవి అర్థం లేని తెలుగు ముక్కలుగా మారతాయి. ఫోన్ నంబర్లు, తేదీలు కూడా ఒక్కొక్క అంకె చూసుకోండి. ఇంగ్లిషు ఉన్నచోట్ల ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఇస్తే ఆపరేటర్ వాటికి వేరే ఫాంటు పెడతాడు.

ఫొటోల సంగతి ఇంకా తేలిక. మామూలుగా వాట్సాప్‌లో పంపితే ఫొటోను అది కుదించేస్తుంది. ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే 3 అంగుళాల వెడల్పు ఫొటోకు కనీసం 900 పిక్సెళ్లుండాలి. వేదిక మీద అతిథుల ముఖాలు నల్లగా వస్తున్నాయంటే వెనక కిటికీగానీ మెరిసే ఫ్లెక్సీగానీ ఉండి ఉంటుంది. ఫోన్ తెరపై ముఖం మీద వేలుతో తాకి, ఆ వెలుతురు సరిచేసుకున్నాకే తీయండి.

కాగితం గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఏ3 కాగితం ఒకటి మధ్యకు మడిస్తే నాలుగు ఏ4 పేజీలు, పిన్ను కూడా అవసరం లేదు. పేజీలు పెంచాలంటే నాలుగు చొప్పునే పెంచాలి. వంద, రెండొందల కాపీలయితే డిజిటల్ ప్రింటే చవక. వెయ్యి దాటితే ఆఫ్‌సెట్. దాని ప్లేట్ల ఖర్చు పది కాపీలకైనా పదివేలకైనా ఒకటే.

మీరు పంపిన పాత సంచిక చూశాం. అందులో ఒక వార్త ఇలా ఉంది: "మా కళాశాలలో జాతీయ యువజన దినోత్సవం ఘనంగా జరిగింది. పలువురు ప్రముఖులు ప్రసంగించారు." ఈ రెండు వాక్యాల్లో పాఠకుడికి తెలిసిందేమీ లేదు. ఇలా రాసి చూడండి: "జనవరి 12న సెమినార్ హాల్లో జరిగిన వక్తృత్వ పోటీలో 23 మంది పాల్గొన్నారు. మొదటి బహుమతి బి.కాం. రెండో ఏడుకు వచ్చింది. ఆలస్యంగా పేర్లిచ్చిన వాళ్లకు ఫిబ్రవరిలో ఇంకో పోటీ ఉంటుంది." రాబోయే కార్యక్రమం అయితే వారం, తేదీ, గంట, గది, పేరివ్వాల్సింది ఎవరికి, ఆఖరి తేదీ ఏది, వెంట ఏం తెచ్చుకోవాలి అనేవన్నీ ఉండాలి. "త్వరలో" అనే మాట నోటీసులో కనిపిస్తే కొట్టేయండి.

ప్రశ్న: రక్తదాన శిబిరం పెడితే 90 మంది పేర్లిచ్చారు, సగం మందిని వెనక్కి పంపేశారు. అమ్మాయిల్లోనైతే నలుగురే మిగిలారు. ముందే ఎలా తెలుసుకోవాలి?
– లెక్చరర్, ఆదోని

జవాబు: పేర్లు రాసుకునేటప్పుడే నాలుగు ప్రశ్నలు అడగాల్సింది. 18 ఏళ్లు నిండాయా? ఇంటర్ నుంచి ఆ ఏడే వచ్చిన మొదటి ఏడు పిల్లల్లో చాలామందికి నిండవు, పేరివ్వడానికి మాత్రం వాళ్లే ముందుంటారు. బరువు 45 కిలోలకు తగ్గదు కదా? ఇంతకుముందు ఇచ్చి మగపిల్లలకు 3 నెలలు, ఆడపిల్లలకు 4 నెలలు దాటాయా? ఏడాది లోపల పచ్చబొట్టుగానీ, చెవి ముక్కు కుట్టించుకోవడంగానీ ఉందా? అందరి ముందూ ఆడపిల్లల బరువు అడిగితే నిజం రాదు. ఒక మేడమ్‌ను పెట్టి, వేరే గదిలో త్రాసు ఉంచండి.

ఐదోది రక్తంలో హిమోగ్లోబిన్. అది 100 మిల్లీలీటర్ల రక్తానికి 12.5 గ్రాములుండాలి. మీ అమ్మాయిలు ఎక్కువగా ఆగిపోయింది ఇక్కడే అయ్యుంటుంది. శిబిరానికి ముందు వారం ఏం తిన్నా ఇది పెరగదు, రెండు మూడు నెలలు పడుతుంది. కాబట్టి ముందు హిమోగ్లోబిన్ పరీక్ష ఒక్కటే విడిగా పెట్టించండి. తక్కువున్న వాళ్లను డాక్టరుకు చూపించి, రక్తదానం తర్వాతి విడతకు పెట్టుకోండి. మా దృష్టిలో ఎన్ని యూనిట్లు వచ్చాయన్నదాని కంటే ఈ పరీక్షే కాలేజీకి ఎక్కువ మేలు. అన్నం, సంగటి తిన్న వెంటనే టీ తాగే అలవాటు మానమని కూడా చెప్పండి. తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనీయదు.

ఆ రోజు ఎవరూ ఖాళీ కడుపుతో రాకూడదు. కళ్లు తిరిగి పడిపోయేది ఎక్కువగా పస్తుతోనో, భయంతోనో, ఉక్కతోనో. అలా అయితే చుట్టూ గుంపు కట్టకుండా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి. ఇచ్చిన వాళ్లు పది పదిహేను నిమిషాలు కూర్చుని ఏదైనా తాగాకే లేవాలి. లైసెన్సున్న బ్లడ్ బ్యాంకు ఎన్ని మంచాలు తెస్తుందో ముందే కనుక్కోండి. మంచానికి గంటకు నలుగురని లెక్క వేసి, క్లాసుల వారీగా టైములు ఇవ్వండి. అందరినీ పొద్దున్నే రమ్మంటే పన్నెండింటికి ఆకలేసి సగం మంది వెళ్లిపోతారు.

ప్రశ్న: ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రత్యేక శిబిరం ఏడు రోజులు. ఏటా రోడ్లు ఊడవడం, ర్యాలీ తీయడమే. ఊరికి పనికొచ్చేది ఇంకేమైనా ఉందా?
– ప్రోగ్రాం ఆఫీసర్, కళ్యాణదుర్గం

జవాబు: వేరుశనగ తీసేసి ఖాళీగా ఉన్న చేలల్లో మట్టి నమూనాలు తీయండి. ముందుగా రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుడిని కలిసి, ప్రయోగశాల ఎన్ని తీసుకుంటుందో అడగండి. దానికి మించి తీయొద్దు. 50 మంది వలంటీర్లు అయిదేసి మందిగా విడిపోతే పది జట్లు. జట్టుకు పొద్దున పూట మూడు నాలుగు చేలు.

చేను ఒకటే రంగు, ఒకటే వాటం ఉంటే ఒక నమూనా చాలు. చవుడు ముక్క ఉంటే దానికి వేరే. పైన చెత్త గీకేసి, పారతో ఇంగ్లిషు వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, గుంట పక్క నుంచి పైనుంచి కిందిదాకా అంగుళం మందాన ఒక పొర చెక్కాలి. ఇలా చేనంతా అడ్డదిడ్డంగా తిరిగి పది చోట్ల తీయాలి. గట్ల పక్కన, చెట్టు నీడన, పెంటకుప్ప వేసినచోట, నీళ్లు నిలిచేచోట తీయకూడదు. మట్టినంతా గోనెపట్ట మీద కలిపి, గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేయాలి. అర కిలో మిగిలేదాకా ఇదే వరస. ఎండలో కాదు, నీడలో ఆరబెట్టాలి.

చెడిపోయేది ఎక్కడంటే, యూరియా సంచీల్లో పోయడం, తుప్పు పట్టిన పారతో తీయడం. మొదటిదాంతో నత్రజని లెక్క తప్పుతుంది, రెండోదాంతో ఇనుము లెక్క. రైతు పేరు, సర్వే నంబరు, వేసిన పంట రాసిన చీటీ ఒకటి సంచి లోపల, ఒకటి బయట ఉండాలి. లోపలిది పెన్సిల్‌తో రాయండి. పెన్నుతో రాస్తే తేమకు చెదిరిపోతుంది. ఫలితాలు శిబిరం అయిపోయాకే వస్తాయి. ఆ కార్డులు పట్టుకుని అదే జట్టు అదే రైతు ఇంటికి మళ్లీ పోయేలా, శిబిరం కాక ఏడాది పొడవునా చేసే ఎన్ఎస్ఎస్ రెగ్యులర్ గంటల్లో ఒక ఆదివారం ఇప్పుడే కేటాయించుకోండి. ఏడాదికి 120 గంటలుంటాయి కదా, చోటు దొరుకుతుంది.

ప్రశ్న: కాలేజీ క్యాలెండర్లో ఏ రోజులు వేయాలి? లిస్టు చేస్తే నెలకు నాలుగు వస్తున్నాయి.
– ప్రిన్సిపాల్, రాయదుర్గం

జవాబు: అన్నీ చేస్తే అన్నీ ఫొటోల కోసమే అవుతాయి. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబర్ 24 ఎన్ఎస్ఎస్ దినోత్సవం, 1969లో ఆ రోజే మొదలైంది. డిసెంబర్ 22 రామానుజన్ పేరిట గణిత దినోత్సవం. జనవరి 25 ఓటర్ల దినోత్సవం. ఫిబ్రవరి 28 సైన్సు దినోత్సవం. మీ అధ్యాపకుల్లో నిజంగా ఇష్టంగా చేసేవాళ్లున్న రెండు మూడు ఎంచుకుని, మిగతావి నోటీసు బోర్డు మీద ఒక పేజీతో సరిపెట్టండి.

ఒక్క ఓటర్ల దినోత్సవాన్ని మాత్రం వదలొద్దు. అయితే ఉపన్యాసం బదులు ఆ రోజు కొత్త ఓటు నమోదుకు ఫారం 6 నింపించండి. ఇప్పుడు 18 నిండాయా అని చూసే అర్హత తేదీలు ఏడాదికి నాలుగున్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ 1. 17 దాటిన వాళ్లు కూడా ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. హాస్టల్ పిల్లలు హాస్టల్ చిరునామాతోగానీ సొంతూరితోగానీ, ఏదో ఒకచోటే పెట్టాలి. ఇప్పటికే ఊళ్లో ఓటుండి హాస్టల్ చిరునామాకు మార్చుకోవాలంటే అది ఫారం 8 పని, మళ్లీ ఫారం 6 నింపకూడదు.

ప్రశ్న: మా హాల్లో మైకు ఆన్ చేస్తే చాలు కూత పెడుతుంది. సెట్టు మార్చాలా?
– బి.ఎస్సీ. విద్యార్థి, తాడిపత్రి

జవాబు: సెట్టు కాదు, స్పీకర్ల చోటు మార్చండి. స్పీకర్లోంచి వచ్చిన మోత మళ్లీ మైకులోకే పోయి తిరుగుతుంటే అది కూతవుతుంది. స్పీకర్లు మైకు కంటే ముందుకు, జనం వైపు తిరిగి ఉండాలి. మాట్లాడేవాళ్లు మైకును నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోవాలి, దాని తల అరచేత్తో కప్పకూడదు. వాడని మైకులు ఆపేయండి, ట్రెబుల్ (సన్నని శబ్దాల మీట) కాస్త తగ్గించండి. ఉత్త సిమెంటు గోడలైతే వెనక గోడకు రెండు జంపఖానాలు వేలాడదీయండి. కార్డ్‌లెస్ మైకుకు ఆ రోజు కొత్త సెల్స్ వేసి, ఇంకో జత యాంకర్ జేబులో ఉంచండి.