పీడీఏ మీద తుప్పు తెగులు పెరగట్లేదు... నేను రీసెర్చ్‌కు పనికిరానా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. మా చేలో వేరుసెనగ ఆకులకు వచ్చిన తుప్పు తెగులునే ప్రాజెక్టుగా తీసుకున్నాను. పీడీఏ (ల్యాబ్‌లో బూజులు పెంచే బంగాళాదుంప-చక్కెర జెల్లీ) ప్లేట్లలో నాలుగుసార్లు వేశాను. తుప్పు బీజాలు (స్పోర్లు) మొలకెత్తి మర్నాటికల్లా ఆగిపోతున్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. రీసెర్చ్ నా వల్ల కాదేమో!

జవాబు: తప్పు మీ చేతిలో లేదమ్మా. మీరు ఎంచుకున్న జీవి అలాంటిది. తుప్పు శిలీంధ్రం బతికున్న ఆకు కణాల నుంచే తిండి లాక్కుంటుంది. మీకు కనిపించిన మొలక బీజంలో దాచుకున్న నిల్వలతో వచ్చింది. అవి అయిపోగానే ఆగింది.

ఆకు లేకుండా దీన్ని పెంచడం అసాధ్యమనే చాలాకాలం అనుకున్నారు. 1966లో సిడ్నీ యూనివర్సిటీలో విలియమ్స్, స్కాట్, కూల్ అనే ముగ్గురు గోధుమ కాండం తుప్పును కృత్రిమ మాధ్యమం మీద పెంచి చూపించారు. మామూలు లవణాలు, చక్కెరకు వాళ్లు ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కలిపారు. కీలకం అందులోనే ఉంది. చాలా బూజులు నైట్రేటు, సల్ఫేటు ఇస్తే చాలు, మిగతాది అవే తయారుచేసుకుంటాయి. గోధుమ తుప్పుకు ఆ శక్తి లేదు. నత్రజని అమైనో ఆమ్లాల రూపంలో, గంధకం సిస్టీన్ (గంధకం ఉన్న అమైనో ఆమ్లం) లాంటి రూపంలో సిద్ధంగా అందాలి. ఎందుకో 2011లో దాని జీనోమ్ (మొత్తం జన్యు సమాచారం) చదివాక ఇంకా స్పష్టమైంది: నైట్రేటును, సల్ఫేటును వాడుకునే దారుల్లో కొన్ని జన్యువులే దానికి లేవు. ఆకు అన్నీ వండి పెడుతుంటే సొంత పొయ్యి ఆర్పేసుకుందన్నమాట. నాకైతే జీవశాస్త్రంలో ఇంత ఆసక్తికరమైన విషయాలు కొన్నే కనిపిస్తాయి. మీరు నాలుగు ప్లేట్లతో తట్టింది ఆ తలుపునే.

ఇక కెరీర్. తుప్పు శిలీంధ్రాల మాధ్యమాల మీదే ఉద్యోగం దొరకడం కష్టం, ఆ ఆశ పెట్టుకోవద్దు. తెగుళ్లను తట్టుకునే వంగడాలు, శిలీంధ్ర జీనోమిక్స్ వైపు మాత్రం పని ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వేరుసెనగ తుప్పు మీద ఏళ్ల తరబడి పనిచేసింది. గోధుమ తుప్పులకు సిమ్లా ఫ్లవర్‌డేల్ కేంద్రం ఉంది. ప్లాంట్ పాథాలజీ పీజీ సీట్లు ఎక్కువగా బీఎస్సీ అగ్రికల్చర్ వాళ్లకే వెళ్తాయి కాబట్టి, మీకు ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ లేదా బయోటెక్నాలజీ, ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్, పీహెచ్‌డీ దారి నయం. బయోకెమిస్ట్రీని గట్టిగా పట్టుకోండి.

ప్రాజెక్టు మాత్రం మార్చకండి. తెగులు లేని వేరుసెనగ ఆకుల్ని కాడతో సహా తెంపి, కాడకు తడి దూది చుట్టి, అడుగువైపు పైకి ఉండేలా మూత ఉన్న ట్రేలో పెట్టండి. తాజా బీజాలు చల్లి రాత్రంతా తేమ ఆరకుండా చూడండి. ఆకు పచ్చగా నిలిస్తే రెండు వారాల్లోపు పొక్కులు రావాలి. రిపోర్టులో పీడీఏ ఫలితాన్నీ దాచకుండా రాయండి: ఎన్ని బీజాలు మొలకెత్తాయి, ఏ గంటకు ఆగాయి, అన్నీ.