కామా ఎక్కడ పెట్టాలి?

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. కథాంశం గురించి విడిగా రాస్తాను. కామాలు అడుగడుగునా చదవడానికి అడ్డం పడుతున్నాయి కాబట్టి ముందు వాటి సంగతి చూద్దాం.

ఇంగ్లిషులో 'ఇఫ్', 'వెన్', 'బికాజ్' లాంటివాటితో మొదలయ్యే ఉపవాక్యం ముందు వస్తే దాని చివర కామా పెడతారు. ప్రధాన వాక్యం తర్వాత వస్తే మామూలుగా పెట్టరు. తెలుగులో ఉపవాక్యం దాదాపు ఎప్పుడూ ముందే వస్తుంది. ఆ సూత్రాన్ని ఇటు లాక్కొస్తే వాక్యానికో కామా తప్పదు. 'బుడమేరు పొంగితే, సింగ్ నగర్ మునుగుతుంది' అని రాశావు. అక్కడ కామా దండగ. మాట ఇంకా పూర్తి కాలేదని 'పొంగితే'లోని 'తే' చెప్పేసింది. 'వెళ్లి', 'చూస్తూ', 'పిలిచినా', 'వచ్చాక' కూడా అంతే.

కామా కావాల్సింది, ఏ మాట దేనికి చెందుతుందో తేలని చోట. నీ వాక్యమే చూడు:

శారద ఏడుస్తూ వెళ్తున్న పిల్లను పిలిచింది.

ఎవరు ఏడుస్తున్నారు? 'శారద' తర్వాత కామా పెడితే పిల్ల. 'ఏడుస్తూ' తర్వాత పెడితే శారద. అచ్చులో ఆ కామా కాస్తా ఎగిరిపోతే అర్థం మళ్లీ మొదటికొస్తుంది. అందుకే మాటలు జరపడం మేలు. 'ఏడుస్తూ వెళ్తున్న పిల్లను శారద పిలిచింది' అను. ఏడుపు శారదదైతే 'వెళ్తున్న పిల్లను శారద ఏడుస్తూ పిలిచింది' అను. ఏ క్రియకు చెందిన మాటను ఆ క్రియ పక్కనే కూర్చోబెడితే కామాతో పనే ఉండదు.

ఇంతకంటే ప్రమాదం 'లేదు'తో ముగిసే వాక్యాలు. 'ఆమె భయపడి ఊరు వదల్లేదు.' భయం వల్ల ఉండిపోయిందా, లేక వదిలింది గానీ కారణం భయం కాదా? 'భయపడి' తర్వాత కామా పెడితే మొదటి అర్థం వైపు మొగ్గుతుంది. రెండోదైతే కామాను నమ్ముకోకు. 'ఆమె ఊరు వదిలింది భయపడి కాదు' అని తేల్చెయ్యి. ఇంగ్లిషులోనూ 'నాట్' తర్వాత 'బికాజ్' వస్తే ఇదే చిక్కు. అక్కడా కామా ఉండటం, లేకపోవడం అర్థాన్నే మార్చేస్తాయి.

ఉపవాక్యం పొడుగై, కర్త కూడా మారితే కామా పెట్టు: 'నాన్న కొనిచ్చిన మంగళగిరి చీర కట్టుకుని సాయంత్రం పెళ్లికి వెళ్దామనుకుంటే, అత్తయ్య ఫోన్ చేసి రావద్దంది.' ఆ కామా లేకపోతే అత్తయ్య దగ్గర పాఠకుడు తడబడతాడు.

'అని'కి ముందు కామా వద్దు. ఇంకో సంగతి, 'రాలేదు, ఎందుకంటే జ్వరం వచ్చింది' అన్నది తెలుగు నడక కాదు. 'జ్వరం వచ్చి రాలేదు' చాలు.

ఊపిరి ఆగిన చోటల్లా కామా పెట్టమని బళ్లో చెప్పి ఉంటారు. ఊపిరి మనిషికో రకం. దాన్ని కొలతగా పెట్టుకోకు.

ఇప్పుడు ఉపవాక్యాల చివరి కామాలన్నీ తీసేసి కథను ఒకసారి పైకి చదువు. రెండర్థాలు వచ్చిన వాక్యాల కింద గీత గీసుకో. ముందు మాటలు జరిపి చూడు, అప్పటికీ తేలకపోతే కామా పెట్టు. ఆ ప్రతి పంపితే కథ ముగింపు గురించి రాస్తాను.

ఆశీస్సులతో.