జుట్టు పెంచుతున్నావటగా

ఒరే చిన్నా,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. దసరా నుంచి నువ్వు సెలూన్ గడప తొక్కలేదనీ, నాన్న ఇంట్లో ఉంటే టోపీ తియ్యడం లేదనీ చెప్పింది. జుట్టు పెంచుతున్నావంటే నాకు సంతోషంగానే ఉంది. మన ఇంటి జుట్టు ఒత్తైనది, నీకు బాగుంటుంది. ఆ టోపీ మాట వినేసరికే నాకు నిద్ర పట్టలేదు.

పెంచడంలో పెద్ద విద్యేం లేదు. నెలకి సుమారు అరంగుళం పెరుగుతుంది, ఏ నూనె రాసినా అంతే. భుజాలు తాకాలంటే ఏడాదిన్నర, రెండేళ్ళు. మధ్యలో కొన్నాళ్ళు చెవుల మీద పడుతూ, వెనక్కి పోక, ముందుకి నిలవక విసిగిస్తుంది. మగపిల్లలు చాలామంది అక్కడే ఓడిపోతారు. సెలూన్‌కి వెళ్ళడం మానకు. మెడ మీద జుట్టు ముందే పొడుగైపోతుంది, అక్కడ మటుకు సర్దమను. "కొంచెం ట్రిమ్ చెయ్యి" అని కళ్ళు మూసుకోకు, అద్దంలో చూస్తూ ఉండు.

తడి జుట్టు దువ్వితే తెగుతుంది. ఆరాక, పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి చిక్కు తీసుకుంటూ పైకి రా. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు ఊడటం మామూలే, పొడుగైనవి కాబట్టి కంటికి కనపడతాయి. చుండ్రు ఉంటే నూనె పెట్టి రోజులు రోజులు వదిలెయ్యకు, ఇంకా పెరుగుతుంది. మీ నాయనమ్మ ఉంటే ఈ మాట ఒప్పుకునేది కాదు గానీ చర్మం డాక్టర్లు చెప్పేది ఇదే.

ఇక మీ బాబాయి సంగతి. వాడి నుదురు చూసి బట్టతల మన వంశంలో ఉందని మీరంతా అనుకుంటున్నారు. లేదు. నడినెత్తిన చూడు, ఈ వయసుకీ ఎంత ఒత్తుగా ఉందో. పోయింది నుదుటి అంచున, కణతల దగ్గరే.

వాడు గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు కుర్రాళ్ళంతా చెవులు మూసుకునేలా జుట్టు పెంచేవారు. మీ తాతయ్యకి గిట్టేది కాదు. ఆయన కన్నతండ్రికి సిగ ఉండేది! కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా ఆడితే ఆ జడ హొయలు నెల్లాళ్ళు చెప్పుకున్న మనిషి ఆయన. కొడుకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "హిప్పీ వెధవ" అనేవాడు. మీ బాబాయి జుట్టు తియ్యలేదు, ఎదురు చెప్పలేదు, దాచడం మొదలుపెట్టాడు. సైకిల్ ట్యూబు ముక్క కోసుకుని, తల తడిపి, కనుబొమలు పైకి లేచేంత గట్టిగా వెనక్కి లాగి కట్టేవాడు. మిగిలింది కాలరు లోపలికి తోసేవాడు. ముందు నుంచి చూస్తే పొట్టి జుట్టే. తాతయ్య తెల్లారకముందే లేస్తాడని రాత్రిళ్ళు కూడా విప్పేవాడు కాదు.

కణతల దగ్గర చిన్న చిన్న కురుపులు లేచాయి. వేడి చేసిందని నాయనమ్మ ఆముదం మర్దించేది. తర్వాత అంచున నూగు మిగిలింది, ఆ నూగూ పోయింది. డాక్టరుకి చూపించేసరికి, లాగుడికి కుదుళ్ళు మచ్చకట్టిపోయాయి, ఇక మొలవవన్నాడు. మొదట్లోనే వదులు చేసి ఉంటే తిరిగి వచ్చేవట. పెళ్ళిచూపులకి బయల్దేరుతూ జుట్టు నుదుటి మీదికి దువ్వుకుని "అక్కా, కనపడుతోందా?" అని నన్నడిగాడు. తాతయ్య మహా అయితే ఒక వారం అరిచి ఊరుకునేవాడు. ఆ వారానికి జడిసి వాడు జన్మంతా ఆ నుదురు మోస్తున్నాడు.

టోపీతో జుట్టు ఊడదని నాకూ తెలుసు. దాచుకునేవాడు ఎప్పుడో ఒకప్పుడు బిగిస్తాడు, అదీ నా భయం. దొంగతనం చేశావా, అప్పు చేశావా? మీ నాన్నకి నువ్వే చెప్పు. కాఫీ తాగి పేపరు మడిచిన వేళ చూసి చెప్పు, ఆయనకి అప్పుడు కోపం తక్కువ.

ముడి వేస్తే మెడ దగ్గర, వదులుగా, గుడ్డ బ్యాండుతో వెయ్యి. ఇంటికి రాగానే విప్పు. కణత దగ్గర లాగినట్టున్నా, ఒక్క కురుపు కనపడినా ఆ రోజే జుట్టు వదిలెయ్యి. నెత్తిన ముడి పెట్టి దాని మీద హెల్మెట్ పెట్టావంటే ఊరుకోను. అది తల మీద సరిగ్గా కూర్చోదు, నువ్వేమో బెంజి సర్కిల్ మీదుగా లారీల పక్కన పోయేవాడివి. బెజవాడ ఎండకి హెల్మెట్ లోపల జుట్టు చెమటతో ముద్దవుతుంది. పల్చటి నూలు గుడ్డ కట్టుకో, ఆఫీసులో కాసేపు ఆరనియ్యి.

2028లో కృష్ణా పుష్కరాలకి భుజాలు దాటిన జుట్టుతో స్నానం చేద్దువు గాని. మీ అమ్మ గుండు మొక్కు అంటే ఆ సంగతి నేను చూసుకుంటా, బంగారం.

ఆదివారం గుంటూరు రా. కుంకుడుకాయలు కొట్టి నానబెడతా. బాబాయిని కూడా భోజనానికి పిలిచాను. వాడు తనంతట తాను చెప్పడు, నువ్వే అడగాలి.

మీ అత్తయ్య