లైవ్ సౌండ్ ఇంజినీర్ కావాలంటే బీటెక్ చదవాలా?

అక్కర్లేదు, పేరులో ఇంజినీర్ అని ఉన్నా, ప్రోగ్రాం జరుగుతుండగా మైకుల సౌండ్ సర్దే ఈ పనికి డిగ్రీ తప్పనిసరి కాదు. పిలిచేవాళ్లు చూసేది సర్టిఫికెట్ కాదు, ప్రోగ్రాం మధ్యలో సౌండ్ తేడా కొడితే ఎంత తొందరగా సరిచేస్తారన్నదే. అందుకే వరంగల్, కరీంనగర్ వైపు సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చేవాళ్ల దగ్గర చేరడం మామూలు దారి. ముందు బాక్సులు మోయాలి, కేబుళ్లు చుట్టాలి (అదేం చిన్న పని కాదు, మెలిపెట్టి చుడితే లోపల తీగ తెగుతుంది), తర్వాత స్టేజీ మీద మైకులు, చాలా రోజులకు గానీ మిక్సర్ (మైకులన్నిటి సౌండ్‌ను కలిపి సర్దే పెట్టె) చేతికి రాదు.

హనుమకొండలో ఒగ్గుకథ జరుగుతోందనుకోండి. కథకుడి మైకులోకి పక్కనున్న డోలు మోత కూడా దూరుతుంది. గొంతు వినబడట్లేదని ఫేడర్ (మిక్సర్ మీద సౌండ్ పెంచే, తగ్గించే మీట) పైకి తోస్తే స్పీకర్‌లో వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకే వెళ్లి, తిరిగి తిరిగి కూత పెడుతుంది. తెలిసినవాళ్లు ముందు మైకును నోటికి దగ్గర చేసి, దాని వీపు స్పీకర్ వైపు ఉండేలా తిప్పుతారు. అయినా కూత ఆగకపోతే, అది, ఉదాహరణకు, 2,500 హెర్ట్జ్ (అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుంది) దగ్గరుందని చెవితో పట్టి, సన్నటి, లావు శబ్దాల్ని విడివిడిగా సర్దే ఈక్వలైజర్‌లో ఆ ఒక్కచోటే నాలుగైదు డెసిబెల్స్ తగ్గిస్తారు. గొంతు మైకులో 100 హెర్ట్జ్ కింది లావు శబ్దాల్ని కోసేస్తే డోలు గుమగుమ కూడా కొంత తగ్గుతుంది.

చాలామంది డీజే, సౌండ్ ఇంజినీర్ ఒకటే అనుకుంటారు. డీజే రికార్డయిన పాటలు కలిపి వాయిస్తాడు. ఇంజినీర్ అప్పటికప్పుడు పుట్టే గొంతుల్ని, వాద్యాల్ని సర్దుతాడు. ఇంకోటి, ఇది నెలజీతం పని కూడా అనుకోవద్దు: పెళ్లిళ్లకు, వినాయక చవితికి, బతుకమ్మకు తీరిక ఉండదు, ఆషాఢంలో ముహూర్తాలే ఉండవు.