ఎండలో అమోనియా వచ్చిందంటే ముందు అడగాల్సిన ప్రశ్న

ప్రశ్న: లోహమేదీ లేని పసుపు పొడిని నీళ్లలో కలిపి ఎండలో పెడితే గాలిలోని నైట్రోజన్ అమోనియాగా మారుతుందని చదివాను. నిజమేనా? నిజమైతే యూరియా కోసం మేం ఇంకా లైన్లో చెప్పులు పెట్టుకుని కూర్చోవడం ఎందుకు?
– ఒక రైతు, పెద్దపల్లి జిల్లా

జవాబు: పొడి నిజమేనండీ. పేరు కార్బన్ నైట్రైడ్. మెలమైన్‌నో, మీరు చల్లే యూరియానో మూత పెట్టిన పాత్రలో సుమారు 550 డిగ్రీల దగ్గర కాలిస్తే వస్తుంది. వెలుగుతో రసాయన చర్యలు జరిపించడానికి ఎక్కువగా వాడే టైటానియం డయాక్సైడ్ తెల్లగా ఉంటుంది, దానికి అతినీలలోహిత కిరణాలు కావాలి. ఇది మాత్రం కంటికి కనిపించే వెలుగులోని ఊదా, నీలం రంగుల్ని పీల్చుకుంటుంది, అందుకే పసుపుగా కనిపిస్తుంది. వెలుగు సాయంతో నీటి నుంచి హైడ్రోజన్ తీయడానికి ఇది పనికొస్తుందని 2009లో చూపించాక చాలా ల్యాబులు దీని మీద పడ్డాయి.

నైట్రోజన్ అంత తేలిగ్గా లొంగదు. రెండు పరమాణువుల మధ్య మూడు బంధాలుంటాయి, వాటిని తెంచడానికే ఫ్యాక్టరీల్లో 400 డిగ్రీలు దాటిన వేడి, మామూలు గాలి ఒత్తిడికి వంద రెట్లు మించిన ఒత్తిడి పెడతారు, ఇనుము ఉత్ప్రేరకంగా వాడతారు. ఈ పొడిలోనేమో కావాలనే కొన్ని నైట్రోజన్ పరమాణువుల్ని ఊడగొడతారు. ఆ ఖాళీల్లో గాలి నైట్రోజన్ వచ్చి చిక్కుకుంటుంది, వెలుగుకు లేచిన ఎలక్ట్రాన్లు దాన్ని బలహీనపరుస్తాయి, హైడ్రోజన్ నీటి నుంచి అందుతుంది. ఈ ఆలోచన నాకు చాలా ఇష్టం.

అయితే ఆ పొడి బరువులో దాదాపు 60 శాతం నైట్రోజనే! అదే కాస్త విరిగి అమోనియా ఇస్తే? ల్యాబు గాలి నుంచో, గ్లవ్స్ నుంచో కూడా కొంచెం రావచ్చు. కాబట్టి నైట్రోజన్ బదులు దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువు పంపి చూడాలి (అప్పుడూ అమోనియా వస్తే అది గాలి నైట్రోజన్‌ది కాదన్నమాట), నైట్రోజన్-15 అనే కాస్త బరువైన, గుర్తుపట్టగల నైట్రోజన్ వాడి అది అమోనియాలోకి చేరిందో లేదో చూడాలి (ఆ సిలిండర్‌లోనూ కల్తీ అమోనియా ఉండొచ్చు, దాన్ని ముందే శుభ్రం చేయాలి). ఈ పరీక్షలు లేకుండా ఎంత పెద్ద అంకె చెప్పినా నేను నమ్మను.

ఇప్పుడు మీ బస్తా లెక్క. 45 కిలోల యూరియాకు సుమారు 25 కిలోల అమోనియా కావాలి. గ్రాము పొడి గంటకు 100 మైక్రోమోల్స్ ఇస్తుందనుకుందాం, అంటే 1.7 మిల్లీగ్రాములు. కిలో పొడి పెట్టి రోజుకు 8 గంటల ఎండ తగిలినా ఒక్క బస్తాకు ఐదేళ్లు పడుతుంది.

మామూలు వేడిలో ఈ పని చేసేవి జీలుగ, పెసర వేర్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా. వాటి ఎంజైములోనూ ఇనుము, మాలిబ్డినం ఉంటాయి, లోహం లేకుండా చేయడం ఎంత కష్టమో దీన్నిబట్టే చూడండి. వరికి ముందు జీలుగ చల్లి, పూతకొచ్చే వేళకు కలియదున్నండి, యూరియా కొంతైనా తగ్గుతుంది.